అప్రియసత్యము పలికిన నటి

సత్యమైనను అప్రియమైనచో నోట రానీయరాదను నీతిని మన యిండ్లలో ఆడుబిడ్డలకు ఉగ్గుబాలతోనే పోయుచుందురు. అత్తవారింటి కష్టమును పుట్టినింట చెప్పరాదు; పుట్టినింటి లేమిని అత్తవారింట చెప్పరాదు; మగని తప్పు పొరుగింట చెప్పరాదు; తన కోరిక యెచ్చటను చెప్పరాదు. పెండ్లియై, పిల్లలతో, పదిమంది మన్నన నడుమ నున్న గృహిణులకే యింత కట్టడి యున్నప్పుడు, రంగస్థలమున వేషము కట్టి బ్రదికిన యొక స్త్రీ తన జీవితమును దాపరికము లేక వ్రాసి, తన పేరుతోనే అచ్చు వేయించుట యెంతటి సాహసమో యోచింపుడు. అట్టి సాహసమును వంగదేశమున 1912 వ సంవత్సరమున ఒక నటి యొనర్చెను. ఆమె పేరు బినోదినీ దాసి. వంగీయుల నోట బినోదిని యగునది మన నోట వినోదిని. ఆమె గ్రంథము ‘ఆమార్ కథా’, అనగా ‘నా కథ’.

నటి కథ సంసారస్త్రీల కేల యని కొందఱు సోదరీమణులు కనుబొమలు ముడివేయవచ్చును. మాకును మొదట నట్లే తోచెను. వంగభాష మాకు రాదు. రిమ్లీ భట్టాచార్యగారు ఆంగ్లమున జేసిన అనువాదము 1998 లో ఢిల్లీనుండి వెలువడినది. దానిని మావారు బడినుండి వచ్చిన పిదప సాయంకాలములందు చదివి తెనుగున చెప్పుచుండగా వింటిమి. నాలుగుదినములు గడచునప్పటికి కనుబొమల ముడి విడిపోయెను. గురజాడవారి కన్యాశుల్కమున మధురవాణి చతురతకు నవ్వనివారు మనలో లేరు. ఆమె మంచితనమునకు మెచ్చనివారును లేరు. కాని యా మాటలు పురుషుడు వ్రాసి ఆమె నోట నుంచినవి. బినోదిని తన మాటలను తానే వ్రాసికొన్నది. ఆ భేద మెంత పెద్దదో ఆ గ్రంథము వినినగాని తెలియదు.

ఆమె 1863 ప్రాంతమున కలకత్తాలో, కారన్‌వాలిస్ వీథిలో, మగదిక్కు లేని యొక యింట జన్మించెను. అమ్మమ్మ, తల్లి, ఒక తమ్ముడు — ఇంతే సంసారము. పూరిండ్లను అద్దెల కిచ్చి పొట్ట పోసికొనువారు. లేమి ముదురగా, అయిదేండ్ల తమ్మునికి రెండున్నరయేండ్ల పసిదానితో పెండ్లి చేసి, ఆ కోడలిపై వచ్చిన నగల నమ్ముకొని కొన్నాళ్లు గడపిరట! దీనిని బినోదిని దాచలేదు. ఆ బాలుడు కొలదికాలమునకే మరణించెను. బినోదినికిని పసితనముననే పెండ్లి జరిగెను గాని, మగని తరపువారు అతనిని తీసికొనిపోయిరి, మరల రాలేదు. మన పల్లెలలో ఇట్టి పిల్లను ‘మగడు వదలినది’ యని యందురు. మగని మొగమైనను సరిగా నెఱుగని పసిదానికి ఆ మాట యెట్లు చెల్లునో యెవరును విచారింపరు.

ఆ యింట గంగాబాయి యను గాయని అద్దెకుండెను. బినోదిని ఆమెయొద్ద పాట నేర్చెను. గంగాబాయి పాట వినవచ్చు పెద్దమనుష్యు లిద్దఱు ఈ పిల్ల గొంతు విని, నాటకశాలలో చేర్చినచో నాలుగు రూకలు వచ్చునని తల్లికి సలహా నిచ్చిరి. తల్లి చాలసేపు వెనుకాడి, తుద కొప్పుకొనెను. నెలకు 10 రూపాయల జీతముపై గ్రేట్ నేషనల్ థియేటరులో పిల్ల చేరెను. అప్పటి కామెకు పదునొకండు పండ్రెండేండ్లకు మించలేదు.

ఇచ్చట ఆ కాలపు వంగరంగస్థలమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అంతకుమున్ను అచ్చటి నాటకశాలలలో స్త్రీవేషములను సాధారణముగా మగపిల్లలే కట్టుచుండిరి. మన తెనుగుదేశమునను స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి స్త్రీలే దిగ్భ్రమ చెందిన కథలు మన పెద్దలు చెప్పగా వినియున్నాము గదా. 1873 లో కలకత్తాలోని బెంగాల్ థియేటరువారు, కవి మైకేల్ మధుసూదన దత్తుగారి సలహాను బట్టి, స్త్రీపాత్రలకు స్త్రీలనే పెట్టిరి. సంసారస్త్రీలు రాజాలరు గనుక వేశ్యావాటికలనుండి నలుగురిని తెచ్చిరి. వితంతువుల పెండ్లిండ్లకై పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరులు సైతము ఈ పనిని సహింపక ఆ సంఘమునుండి తొలగిరి. అంతటి దయామయునకును ఈ స్త్రీలయెడ దయ కలుగలేదన్నచో, తక్కినవారి మాట చెప్పనేల?

బినోదిని మొదట రంగమెక్కినది 1874 డిసెంబరులో. నాటకము ‘శత్రుసంహారము’; భట్టనారాయణుని వేణీసంహారమును బట్టి వంగభాషలో వ్రాసినది. ఆమె వేషము ద్రౌపది చెలికత్తె. భీముడు దుశ్శాసనుని రక్తముతో రానున్నాడని ద్రౌపదికి తెలుపవలసిన కొలది మాటలు. దీపముల వెలుగు, ఎదుట వేలకన్నులు, ఒడలెల్ల చెమట, గుండె దడదడ. ఏమి చెప్పితినో యెట్లు మరలి వచ్చితినో తెలియలేదని ఆమె వ్రాసికొన్నది. తెర లోపలికి వచ్చిన పిదపగాని జనుల కరతాళధ్వను లామె చెవి సోకలేదు. కవిత్రయభారతమున ద్రౌపది పరాభవమును చదివి కన్నీరు పెట్టని గృహిణి యుండదు. ఆ ద్రౌపదికి శుభవార్త చేర్చు వేషముతో ఈ పిల్ల బ్రదుకు మొదలైనది.

1875 లో ఆ నాటకసమాజము ఢిల్లీ, లాహోరు, ఆగ్రా, లక్నో మొదలగు పట్టణములకు పోయెను. లక్నోలో దీనబంధు మిత్రుని ‘నీలదర్పణము’ ఆడిరి. నీలిమందు తోటల దొరలు రైతులను పెట్టిన బాధలను చూపు నాటక మది. దొర యొకడు రైతుబిడ్డను చెఱపబోగా తోరాపు అను ముసల్మాను రైతు వానిని పట్టి కొట్టు ఘట్టము రాగానే, చూడవచ్చిన తెల్లవారు లేచి కత్తులు దూసి రంగముపైకి ఉఱికిరట. నాటకము నిలిచిపోయెను, ప్రాణములు అఱచేత బట్టుకొని ఆ రాత్రియే మూటలు గట్టిరి. సరళత వేషమున నున్న బినోదిని ఆ భయమును ముదిమియందును మఱువలేదు.

పిమ్మట ఆమె బెంగాల్ థియేటరున కొంతకాల ముండెను. అచ్చట బంకించంద్రుని ‘మృణాళిని’లో మనోరమ వేషము కట్టగా, ఆ నవలాకర్త స్వయముగా వచ్చి చూచి, తాను కాగితముపై వ్రాసిన మనోరమ ప్రాణము పోసికొని యెదుట నిలిచినట్లున్నదని సంతోషించెను. 1877 ప్రాంతమున నటుడును నాటకకర్తయు నగు గిరీశచంద్ర ఘోషు ఆమెకు గురువయ్యెను. అతడు పాత్రలకు మాటలు నేర్పుటతో విడువలేదు. షేక్స్పియరు నాటకములను, విలాయతు నటీమణుల చరిత్రలను చదివి చెప్పి, పాత్ర యేల ఏడ్చును, ఏల నవ్వును అని ప్రశ్నించి, ఆమెచేతనే సమాధానము చెప్పించెడివాడు. మధుసూదనుని ‘మేఘనాదవధ’ను నాటకముగా ఆడినప్పుడు బినోదిని యొక్కతెయే 7 వేషములు ధరించెను. ఒకే రాత్రి చైతన్యప్రభువుగా నటించి జనులచే కంట నీరు పెట్టించి, తరువాతి ప్రహసనమున నవనాగరిక యువతియై వారినే కడుపుబ్బ నవ్వించెడిది. ఆమెకు ఈ నాటకశాలయే పాఠశాల. ఈ విద్యపై ఆమెకుగల ప్రేమను గుర్తింపనిచో ఇక ముందు చెప్పబోవు కథ కేవలము పతనకథగా కనబడును. అది పొరపాటు.

నేషనల్ థియేటరునకు ప్రతాపచంద జౌహరి యను మార్వాడీ వర్తకుడు యజమాని. బినోదిని సెలవు తీసికొని కాశికి పోయి, అచ్చట జబ్బుపడి తిరిగివచ్చెను. జబ్బు దినములకు జీతమీయనని యజమాని పట్టుపట్టెను. గిరీశుడు మొదలగువారికిని అచ్చట మనసు విఱిగియుండెను. తమకు సొంత నాటకశాల కావలెను. కాని ధన మెక్కడిది? అప్పుడు గుర్ముఖరాయ్ యను ధనిక యువకుడు ముందుకు వచ్చెను. నాటకశాల కట్టించెదను గాని బినోదిని నాది కావలెను — ఇది అతని షరతు. ఆమె కప్పటికే వేఱొక ధనికుని ఆశ్రయ ముండెను. తోడినటులు, గురువు, అందఱును ఆమెను బ్రతిమాలిరి. పదిమంది బ్రదుకు నీ చేతనున్నదనిరి. ఈ సంగతి తెలిసి మొదటివాడు ఒకనాటి తెల్లవాఱుజామున కత్తితో వచ్చి నఱుకబోయెను. ఆమె ప్రక్కకు వంగగా దెబ్బ హార్మోనియముపై బడెను. గుర్ముఖరాయ్ మఱల యోచించి, నాటకశాల యూసు మానుము, నీకే 50,000 రూపాయలు రొక్కముగా నిచ్చెదనని చెప్పెను. ఆ కాలమున అది యెంతటి ధనమో లెక్క వేసికొనుడు. ఆమె రొక్కము వలదని, నాటకశాలయే కావలెనని కోరెను.

సోదరీమణులారా! ఇచ్చట మేము తీర్పు చెప్పబూనము. ఆమెయే తన్ను తాను నిర్దోషినని చెప్పుకొనలేదు. ఆశయున్నదనియు, మోహమున్నదనియు, భయమున్నదనియు అన్నియు వ్రాసినది. కాని యీ బేరములో కూర్చున్నవారెవరో, అమ్ముడుపోయిన దెవరో, లాభించినవారెవరో ఆమె స్పష్టముగా వ్రాసినది. అంతకుముందు ఎవరును వ్రాయనిది అదియే.

బీడన్ వీథిలో కట్టడము మొదలయ్యెను. పని త్వరగా సాగవలెనని బినోదిని కూలీలతోపాటు తానును గంపలతో మన్ను మోసెను. నాటకశాలకు ఆమె పేరు కలిసివచ్చునట్లు ‘బి థియేటరు’ అని పేరు పెట్టుదుమని తోడివారందఱు చెప్పియుండిరి. నీవు చచ్చినను నీ పేరు నిలుచునని యూరించిరి. రిజిస్టరు చేయించి వచ్చిన దినమున ఆమె పరుగున ఎదురేగి, ఏమి పేరు పెట్టితిరని యడిగెను. ‘స్టార్’ అని వారు చెప్పిరి. విన్నంతనే కొంతసేపు ఆమెకు మాట రాలేదు, కూలబడిపోయెను. తేఱుకొని, మంచిదే యని పలికెను. వేశ్య పేరున్న నాటకశాలకు పెద్దమనుష్యులు రారని వారు శంకించిరట! ఆమె వలన వచ్చిన ధనము మాత్రము వారికి అంటు కాలేదు. అంతటితో నాగక, కొంతకాల మామెను జీతపు నటిగానైనను ఉండనీయక తొలగింపజూచిరి. 1883 జులై 21 న స్టార్ థియేటరు ‘దక్షయజ్ఞము’తో తెఱువబడెను. తండ్రి యింట తన పతి పేరునకు స్థానము లేదని ప్రాణములు విడిచిన సతీదేవి వేషము ఆమెదే. తన పేరును మ్రింగిన రంగముపై ఆ వేష మెట్లు కట్టెనో!

కొలదికాలమునకే గుర్ముఖరాయ్ తన బంధువుల యొత్తిడిచే నాటకశాలను వదలుకొనెను. బినోదినికి అందులో భాగమీయవలెనని అతడు తలపెట్టగా, యాజమాన్యపు బరువు మనకేలయని గిరీశుడే ఆమె తల్లికి నచ్చజెప్పి వారించెను. తుదకు నాటకశాల నలుగురు మగవారి వశమయ్యెను.

1884 లో గిరీశుని ‘చైతన్యలీల’ ప్రదర్శింపబడెను. చైతన్యప్రభువు వేషము బినోదినిది. మొదటి ప్రదర్శనమునాటి యుదయమున ఆమె గంగాస్నానము చేసి, 108 మారులు దుర్గానామము వ్రాసి, ఈ సంకటమునుండి దాటింపుమని ప్రార్థించినది. ఆ సెప్టెంబరు 21 న శ్రీరామకృష్ణ పరమహంస నాటకమును చూడవచ్చెను. ప్రదర్శనానంతరము ఆమె పాదములకు మ్రొక్కగా, శిరముపై చేయి యుంచి, చైతన్యము కలుగుగాక యని యాశీర్వదించెను. పెద్దమనుష్యులు పేరు పలుకుటకు జంకిన యా స్త్రీని ఆ మహాత్ముడు స్పృశించుటకు జంకలేదు. మఱుసటియేట ఆయన శ్యామపుకూరులో జబ్బుతో నున్నప్పుడు, దర్శనమునకు అడ్డగింతురను భయముతో ఆమె దొరవేషము వేసికొని పోయి చూచివచ్చెను. నాటకశాలలో నేర్చిన వేషధారణ భక్తికి అట్లు పనికివచ్చినది.

1887 జనవరి మొదట ఆమె రంగస్థలమును శాశ్వతముగా వీడెను. అప్పటి కామె వయస్సు ఇరువదినాలు గేండ్ల లోపు. మనలో పలువురికి ఆ యీడున సంసార మప్పుడప్పుడే కుదుటపడుచుండును. ఆమెకు కీర్తియంతయు ముగిసినది. తరువాత నొక సంపన్నుని యాశ్రయమున గృహిణివలెనే బ్రదికినది. వారి కొక కూతురు కలిగెను, పేరు శకుంతల. ఆ పేరు వినగనే నిండుసభలో నిరాకరింపబడిన మునికన్య మనకు తలపునకు వచ్చును. బినోదిని తనకు లేని చదువును కూతునకు చెప్పింపదలచెను. తల్లి యెవరో తెలిసినందున బడిలో చేర్చుకొనరైరి. బడిపంతులుగారి యింట కాపురముండు మాకు ఆమె దుఃఖములన్నిటిలోను ఇది మిక్కిలి గ్రుచ్చుకొన్నది. ఓనమాలకు కులగోత్రము లేల? ఆ బాల 1904 లో మరణించెను. 1912 లో ఆశ్రయదాతయు పోయెను. నిలువనీడ పోయి, కన్నబిడ్డ పోయి, పేరు పోయి, చెప్పుకొనుటకు మనుష్యులు లేక, కాగితముతో చెప్పుకొనుచున్నానని ఆమె వ్రాసినది.

ఆమె యడిగిన ప్రశ్న యొకటి మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. పుట్టుకతోనే పతితలైన స్త్రీలుందురా? ప్రేమను నమ్మి, ఆశ్రయమును నమ్మి వచ్చినవారిని ఈ స్థితికి దెచ్చినవారెవరు? రాత్రి మా యింటికి వచ్చిన పురుషుడు పగలు సభలలో పెద్దయై కూర్చుండును. మా బిడ్డలకు మాత్రము తలదాచ చోటు లేదు — ఇది యామె వాదసారము. దీనికి సమాధానము ఆ నాటి పత్రికలలో ఎవరును చెప్పలేదు. నేడైనను మనలో నెవ్వరు చెప్పగలరు?

ఈ గ్రంథమును ఆమె గురువగు గిరీశునకు వ్రాసిన లేఖలవలె కూర్చినది. పీఠిక వ్రాయుమని యాయననే కోరెను. ఆయన వ్రాసిన పీఠికలో తన త్యాగమును గూర్చిన నిజములు లేవని చూచి, ఇది చాలదు, జరిగినది జరిగినట్లు వ్రాయుడని త్రిప్పి పంపినది. కటువైన సత్యమును ఎల్లవేళల వెల్లడింపరాదని యాయన సమాధానము. తరువాత వ్రాసెదనన్న గురువు 1912 ఫిబ్రవరిలో మరణించెను. ఆమె గురుభక్తి విడువలేదు. ఆ పాత పీఠికనే మలికూర్పున ఆదరముతో ముద్రించినది. సత్యమును మాత్రము తానే చెప్పినది. గురువును ప్రేమించుచునే ఆయన మాటను దాటుట ఎంత కష్టమో, పెద్దల నీడలో పెరిగిన మన కెఱుకయే.

1924–25 లలో ఆమె మరల తన నటజీవితమును గూర్చి యొక పత్రికలో వ్రాసెను. అందు దుఃఖము తక్కువ. వేషములు, తోడివారు, నేర్చిన పనితనము — వీని ముచ్చటలు మెండు. అది అసంపూర్ణముగా నిలిచిపోయినది. 1941 లో ఆమె కన్నుమూసెను.

స్టార్ థియేటరు బీడన్ వీథి కట్టడమును వదలి 1888 లో హాతిబాగానుకు మాఱినప్పుడు పేరును మాత్రము వెంట తీసికొనిపోయెను. 1991 లో ఆ కట్టడము కాలిపోయెను, మరల కట్టబడెను. 2024 డిసెంబరున పశ్చిమవంగ ప్రభుత్వమువారు దానికి ‘బినోదినీ థియేటరు’ అని పేరిడిరి. 1883 లో మాట యిచ్చినవారు తప్పిన బాకీ 141 యేండ్లకు తీరినది. గుర్ముఖరాయ్ షరతును, మోసిన మంటిగంపలను, తప్పిన మాటను ఆమె స్వయముగా వ్రాసియుండనిచో, బాకీ యొకటి యున్నదని యెవరికి తెలిసియుండును?

మన యూళ్లలో ఆడువారి పసుపుకుంకుమల సొమ్ముతో కొన్న పొలములెన్ని, మెడలోని నగలమ్మి కట్టిన యిండ్లెన్ని! వాని గోడలపై ఎవరి పేరున్నదో చూడుడు. మనము నటులము కాము, గ్రంథములు వ్రాయనక్కఱలేదు. మన యింట అమ్మమ్మ, నాయనమ్మ యింకను సజీవులై యున్నచో, ఏ నగ యెందుల కమ్మిరో, ఏ గోడ యే సొమ్ముతో లేచెనో యడిగి, పద్దుపుస్తకపు తుదిపుటలలోనైనను తేదీలతో వ్రాసి యుంచుడు. చదువుకొన్న మనుమరాలి చేతికి అది యొకనాడు తప్పక దొరకును.